ఎమ్మెల్యే అయ్యాక డబ్ల్యూసీ ప్రాక్టీసు నడుస్తుందా? మా సీనియర్ గారి దగ్గర నేను చూసింది

ప్రశ్న: నాకు నాలుగేళ్ల ప్రాక్టీసు. మా సీనియర్ గారి దగ్గర ఉన్నవి దాదాపు అన్నీ కార్మికుల నష్టపరిహారం (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్, అంటే డబ్ల్యూసీ) కేసులే. వచ్చే ఎన్నికల్లో ఆయనకు టికెట్ ఖాయమంటున్నారు. గెలిస్తే లాయరుగా కొనసాగవచ్చా? రెండూ చేసేవాళ్ల జీవితం ఎలా ఉంటుంది? ఫైళ్లన్నీ నన్నే చూసుకోమంటున్నారు, తీసుకోమంటారా?

జవాబు:

మొదటిదానికి జవాబు చిన్నదే. కొనసాగవచ్చు. 2018 సెప్టెంబరు 25న అశ్వినీకుమార్ ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పూర్తికాలం జీతానికి పనిచేసే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నియమం చెబుతుంది. ఎమ్మెల్యేలకీ ఎంపీలకీ జీతం వస్తుంది కాబట్టి వాళ్లనీ ఆపాలని పిటిషనర్ అడిగారు. జీతం తీసుకున్నంత మాత్రాన శాసనసభ్యుడు ఎవరికీ ఉద్యోగి అయిపోడని, ఆ నియమం ఆయనకు వర్తించదని కోర్టు చెప్పింది. మంత్రి అయితే లెక్క వేరు, కోటు పక్కన పెట్టేస్తారు. మీ సీనియర్ గారికి ఇంకా టికెటే రాలేదు కాబట్టి ఆ టెన్షన్ ఇప్పుడే వద్దు.

రెండో ప్రశ్నకు మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి.

నేను ఉత్తరాంధ్రలో ముప్పై ఏళ్లుగా ఈ కేసులే చేస్తున్నాను. అందులో మొదటి పదకొండేళ్లు ఒకే సీనియర్ గారి దగ్గర. ఆరేళ్లు ఆయన ఉత్త లాయరు, తర్వాత ఐదేళ్లు లాయరు ప్లస్ ఎమ్మెల్యే. ఓడిపోయాక నేను బయటికొచ్చి సొంత బోర్డు పెట్టుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు, పేరు రాయడం నాకిష్టం లేదు.

మీకు తెలిసిందే అయినా, ఈ ప్రాక్టీసు ఎలాంటిదో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. క్రిమినల్ లాయరుకి పేరుంటుంది, సివిల్ లాయరుకి ఆస్తులుంటాయి. డబ్ల్యూసీ లాయరుకి ఉండేది బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి, ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ కవర్లో ఎఫ్ఐఆర్ జిరాక్సు, పోస్టుమార్టం రిపోర్టు, ఒక ఓటరు కార్డు. జీతం చీటీ ఉండదు, హాజరు కార్డు ఉండదు. మనిషి పనిచేసింది ఫ్యాక్టరీలో, డబ్బులిచ్చింది మేస్త్రీ, మేస్త్రీకి ఇచ్చింది కాంట్రాక్టరు. ఫ్యాక్టరీ వాళ్లు "మా మనిషి కాదు" అంటారు, కాంట్రాక్టరు ఫోను ఎత్తడు. కేసంతా ఒకే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: పని వల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగిందా లేదా. మా సీనియర్ గారు జూనియర్లకు మొదటి రోజే చెప్పేవారు, "సెక్షన్ 12 ముందు చదువు, సెక్షన్ 3 తర్వాత చదువుదువు గాని" అని. కాంట్రాక్టరు పెట్టిన మనిషికైనా అసలు యజమానే కట్టాలి, కట్టి కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి అని చెప్పేది 12. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో (ఈ జవాబులో చెప్పే సెక్షన్లన్నీ దానివే) అంత ముందుచూపున్న సెక్షను ఇంకోటి లేదని ఆయన అభిప్రాయం. నాదీ అదే.

లెక్క అందరికీ తెలియదు కాబట్టి అదీ రాస్తాను. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి వచ్చే గుణకంతో హెచ్చవేస్తారు. 35 ఏళ్లవాడికి గుణకం 197.06. జీతం ఎంత ఎక్కువున్నా చట్టం ఒక పరిమితి దగ్గర ఆపేస్తుంది. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు అది 4,000 రూపాయలు. అంటే 35 ఏళ్ల మనిషి చచ్చిపోతే 3,94,120. 2010లో 8,000 చేశారు, 2020 జనవరిలో 15,000 చేశారు. అదే వయసు మనిషికి ఇప్పుడు 14,77,950 వస్తుంది. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా పెనాల్టీ. వడ్డీ ఇన్సూరెన్సు కంపెనీ నెత్తిన వేయొచ్చు గాని పెనాల్టీ మాత్రం యజమాని జేబులోంచే రావాలని 1997లో సుప్రీంకోర్టు వేద్ ప్రకాశ్ గర్గ్ కేసులో చెప్పింది. మీకు ఈ తీర్పు నోటికి వచ్చి ఉండాలి.

ఇక మా సీనియర్ గారు గెలిచారు.

మొదటి మార్పు పొద్దున్న వచ్చింది. అంతకుముందు ఏడున్నరకి ఆఫీసు గది తెరిచేవాళ్లం. గెలిచిన మర్నాటి నుంచి ఐదున్నరకే వరండా నిండిపోయేది. పింఛను రాలేదని ఒకరు, కొడుక్కి కానిస్టేబుల్ ట్రాన్స్‌ఫర్ కావాలని ఒకరు, ముఖ్యమంత్రి సహాయనిధికి ఆసుపత్రి బిల్లులు పట్టుకుని ఇద్దరు, గట్టు తగాదా ఒకటి. వాళ్ల మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ కవరుతో ఆ ఆడమనిషి. ఇదివరకు ఆమె కోసమే ఆ గది ఉండేది. ఇప్పుడు ఆమె ముప్పై మందిలో ఒకరు. పైగా ఆమెకు గట్టిగా మాట్లాడడం రాదు. గట్టిగా మాట్లాడేవాళ్లే ముందు లోపలికి వచ్చేవారు. గుమాస్తా దీన్ని మా అందరికంటే ముందు గమనించి, కవరు పట్టుకున్నవాళ్లను వెనక గుమ్మం నుంచి నా బల్ల దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. ఐదేళ్లు ఆ ప్రాక్టీసును నిలబెట్టింది నిజానికి ఆ వెనక గుమ్మమే.

తర్వాత పెళ్లిళ్లు, దినాలు. మాఘమాసంలో రోజుకి పన్నెండు పెళ్లిళ్లకి వెళ్లిన రోజులున్నాయి. కారులో వెనక సీట్లో క్రాస్ ఎగ్జామినేషన్‌కి ప్రశ్నలు చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి. అక్షింతలు వేయడానికి దిగి, మళ్లీ ఎక్కి, "ఎక్కడ ఆపాం?" అనేవారు.

ఇంతవరకు సమయం గొడవే. అసలు ఇబ్బంది డీసీఎల్ (డిప్యూటీ కమిషనర్ ఆఫ్ లేబర్) ఆఫీసులో మొదలైంది.

మన దగ్గర ఈ కేసులు వినేది జడ్జి కాదు, కార్మిక శాఖ అధికారి అని మీకు తెలుసు. డిప్యూటీ కమిషనరో, అసిస్టెంట్ కమిషనరో. ప్రభుత్వోద్యోగి. గెలిచాక మొదటిసారి వాయిదాకి వెళ్లినప్పుడు మా సీనియర్ గారు లోపలికి అడుగుపెట్టగానే ఆ అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎదుటివైపు ఇన్సూరెన్సు కంపెనీ లాయరు ఆ లేవడాన్ని చూశాడు. మా క్లయింటు కూడా చూసింది, ఆమె ముఖం వెలిగింది. మా సీనియర్ గారి ముఖం మాత్రం మాడిపోయింది. "సార్, మీరు కూర్చోండి, నేను వకాలత్ మీద వచ్చాను" అన్నారు. అధికారి కూర్చున్నాడు గాని మళ్లీ ఆయన కళ్లలోకి చూడలేదు. ఆ రోజు మేం అడిగినవన్నీ ఇచ్చేశాడు, ఇవ్వకూడని ఒక వాయిదాతో సహా.

అదే మాకు ఎదురుతిరిగింది. రెండు నెలల తర్వాత వేరే కేసులో మాకు అనుకూలంగా ఆర్డరు వస్తే, అవతలివాళ్లు హైకోర్టులో అప్పీలు మెమోలో మొదటి గ్రౌండుగా రాసింది ఏమిటంటే, దరఖాస్తుదారు తరఫు న్యాయవాది స్థానిక శాసనసభ్యుడు, కింది అధికారి ప్రభావానికి లోనయ్యాడు అని. సెక్షన్ 30 కింద అప్పీలుకి ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉండాలి, ఇది ఆ ప్రశ్న కాదు. అయినా ఫైలు మూడేళ్లు హైకోర్టులో నలిగింది. అన్ని పత్రాలతో గట్టిగా ఉన్న కేసు అది. మామూలు లాయరు వాదించి ఉంటే ఆ గ్రౌండే పుట్టేది కాదు.

ఆ తర్వాత ఆయన మన జిల్లా డీసీఎల్ ఆఫీసుకి వెళ్లడం పూర్తిగా మానేశారు. అక్కడ నేనూ, ఇంకో జూనియరూ చూసుకునేవాళ్లం. ఆయన హైకోర్టు అప్పీళ్లకే వెళ్లేవారు. రాజ్యాంగం చేయొద్దన్నదేమీ కాదు, బార్ కౌన్సిల్ ఆపిందీ కాదు. అధికారి లేచి నిలబడే చోట వాదించకూడదని ఆయన తనకు తానే పెట్టుకున్న గీత. మీ సీనియర్ గారు గెలిస్తే మొదటి వారంలోనే ఈ మాట తేల్చుకోమనండి. చట్టంలో దీనికి సమాధానం లేదు.

ఇప్పుడు గేటు సంగతి. ఈ జవాబులో నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఫ్యాక్టరీలో మనిషి చనిపోతే మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. శవాన్ని గేటు ముందు పెడతారు. బంధువులు, ఊరి పెద్దలు, సంఘాల వాళ్లు, పార్టీల వాళ్లు వస్తారు. పోలీసులు పోస్టుమార్టానికి తీసుకెళ్లాలంటారు, బంధువులు డబ్బు సంగతి తేలేదాకా శవాన్ని కదలనివ్వం అంటారు. చివరికి రాత్రి పదకొండుకో పన్నెండుకో ఎమ్మెల్యే వస్తాడు, లోపల ఏసీ గదిలో మాట్లాడతాడు, బయటికొచ్చి ఒక అంకె చెబుతాడు. నేను దీన్ని తప్పు పట్టను. ఆ ఒత్తిడి లేకపోతే పైసా ఇవ్వని యజమానుల్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

ఆయన గెలిచిన రెండో ఏడు ఒక ఫ్యాక్టరీలో రేకుల కప్పు మీద పనిచేస్తూ రేకు విరిగి ఒక కాంట్రాక్టు కార్మికుడు కింద పడ్డాడు. 35 ఏళ్లు. అక్కడికక్కడే పోయాడు. గేటు ముందు రాత్రంతా గొడవ. మా సీనియర్ గారే వెళ్లి మాట్లాడారు. రెండు లక్షలకి ఒప్పుకున్నారు. స్టాంపు పేపరు మీద "ఇకపై ఏ విధమైన క్లెయిమూ లేదు" అని రాసి, మృతుడి తండ్రి వేలిముద్ర వేశాడు. సాక్షిగా ఎమ్మెల్యే గారు సంతకం పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ కాగితం ఏమిటో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ అర్ధరాత్రి ఇద్దరం ఏమీ అనలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఆ కుర్రాడి భార్య వెనక గుమ్మం నుంచి వచ్చింది. డబ్బంతా మామగారి చేతికి వెళ్లింది, అందులో ఆడపడుచు పెళ్లి జరిగిపోయింది, తనని పుట్టింటికి పంపేశారు. ఇద్దరు పిల్లలు. "ఎమ్మెల్యే గారే సంతకం పెట్టారట కదా బాబూ, ఇంక నాకేం రాదా?" అని అడిగింది.

వస్తుంది. చావు కేసులో పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి, నేరుగా చేతికిస్తే అది పరిహారం కట్టినట్టే కాదని సెక్షన్ 8 చెబుతుంది. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదని సెక్షన్ 17 చెబుతుంది. మా సీనియర్ గారు ఇవన్నీ నాకు నేర్పిన మనిషి. ఇప్పుడు ఆ చెల్లని కాగితం మీద సాక్షి సంతకం ఆయనదే. సాక్షిగా పిలిచే అవకాశమున్న కేసులో లాయరు వకాలత్ వేయకూడదు కాబట్టి ఫైలు నాకిచ్చి, "ఒక్క ముక్క దాచకుండా నడుపు" అన్నారు.

నడిపాను. క్రాస్‌లో మేనేజ్‌మెంటు లాయరు ఆ స్టాంపు పేపరు ఎత్తి పట్టుకుని ఆ అమ్మాయిని అడిగాడు: "ఇది ఎవరి సంతకమో తెలుసా?" తెలుసంది. "ఆయన ఆఫీసులో లాయరే కదా ఇప్పుడు నీ కేసు వాదిస్తున్నది?" అవునంది. గదిలో నవ్వులు. ఆర్డరు మాకే వచ్చింది. 3,94,120 అసలు, ప్రమాదం రోజు నుంచి 12 శాతం వడ్డీ. గేటు దగ్గరిచ్చిన రెండు లక్షల్లోంచి చట్టం ఒప్పుకునేది మూడు నెలల జీతం మేర అడ్వాన్సు మాత్రమే, కాబట్టి 12,000 తగ్గించారు. పిల్లల వాటా మైనారిటీ తీరేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించారు. మామగారు వేలిముద్ర వేసి తీసుకునే వీల్లేని డబ్బు అది.

యజమాని మాత్రం ఊరంతా చెప్పుకున్నాడు, "ఆయన గేటు దగ్గర ఒకసారి, ఆఫీసులో ఒకసారి, రెండుసార్లు కట్టించాడు" అని.

ఆ తర్వాత మా సీనియర్ గారు గేటు దగ్గరికి వెళ్లడం మానలేదు గాని, కాగితం మార్చారు. ఎంతిచ్చినా తీసుకోండి, కానీ అందులో ఒక వాక్యం ఉండాలి: ఇది చట్టప్రకారం వచ్చే పరిహారానికి అదనం, ఆ పరిహారాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేస్తాం. ఈ వాక్యం లేకుండా సంతకం పెట్టనని కూర్చునేవారు. డబ్బు భార్య పేరున చెక్కుగా ఇవ్వాలని కూడా. క్రమంగా ఏమైందంటే, ప్రమాదం జరిగితే యజమానులు ఆయనకు కాకుండా వేరే నాయకులకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. బంధువులు కూడా కొందరు అటే వెళ్లారు, అక్కడ రాత్రికి రాత్రి తేలుతుంది కదా. ఓడిపోవడానికి ఇదే కారణమని నేననను, ఎన్నికల్లో వంద కారణాలుంటాయి. కానీ "ఎమ్మెల్యే అయ్యుండి ఒక్క శవానికి న్యాయం చేయలేకపోయాడు, కోర్టుకెళ్లమంటాడు" అనే మాట ప్రచారంలో నా చెవులారా విన్నాను.

పెద్ద ప్రమాదాల్లో ఇంకో రూపం చూస్తాం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు అటు తెలంగాణలో కూడా కోటి అన్నారు. మంచిదే. కానీ టీవీ రాని ప్రమాదాలు వీటికంటే ఎన్నో రెట్లు. పరంజా మీంచి పడ్డ ఒకే ఒక్కడికి ఎవరూ కోటి ప్రకటించరు. వాడికి ఉన్నది ఆ గుణకాల పట్టికే. ఎక్స్‌గ్రేషియా ఎంత పెద్దదైనా ఇష్టపడి ఇచ్చేది, అడిగే హక్కు లేనిది. ఎమ్మెల్యేకి పేరొచ్చేది దానితోనే, పట్టికతో పేరు రాదు.

అయితే సభలో కూర్చునే కుర్చీ వల్ల ఉపయోగమే లేదా? ఉంది, చాలామంది వాడుకోరు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ఉమ్మడి జాబితాలో 24వ అంశం చదవండి. కార్మికుల సంక్షేమం, యజమానుల బాధ్యత, కార్మికుల నష్టపరిహారం అని పేరుపెట్టి మరీ ఉంది. అంటే రాష్ట్ర శాసనసభ కూడా దీనిమీద చట్టం చేయొచ్చు. కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి, అంతే. మా సీనియర్ గారు అంత దూరం వెళ్లలేదు, ప్రతిపక్షంలో ఉన్న ఒక్క సభ్యుడికి అది సాధ్యమూ కాదు. ఆయన చేసింది చిన్న పని. సెక్షన్ 10ఏ అని ఒకటుంది. ప్రమాదంలో కార్మికుడు చనిపోయాడని ఎక్కడి నుంచి తెలిసినా సరే, కమిషనరే యజమానికి నోటీసు ఇవ్వొచ్చు, ముప్పై రోజుల్లో వివరం రాసివ్వమని, బాధ్యత ఒప్పుకుంటే డబ్బు డిపాజిట్ చేయమని. ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేదు. ఆయన పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీ చూసి ప్రమాద వార్త కత్తిరించి, "10ఏ కింద చర్య తీసుకోగలరు" అని ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద డీసీఎల్‌కి పంపేవారు. కేసు తనకి రాదు, ఫీజు రాదు. సభలో లిఖితపూర్వక ప్రశ్న కూడా వేశారు: ఫ్యాక్టరీల శాఖ దగ్గర నమోదైన మరణాలు ఎన్ని, అందులో 10ఏ నోటీసులు ఎన్నిటికి వెళ్లాయి? జవాబులో రెండు అంకెల మధ్య ఉన్న తేడా చూసి ఆ శాఖ వాళ్లే నీళ్లు నమిలారు. తర్వాత కొన్ని నెలలు నోటీసులు బాగానే కదిలాయి. లాయరుగా ముప్పై కేసులు గెలిచినా రానిది ఆ ఒక్క ప్రశ్నతో వచ్చిందని నాకనిపిస్తుంది. ఆ ప్రశ్న వేయాలని తట్టింది మాత్రం ఆయన లాయరు కాబట్టే.

మన ప్రాంతంలో ఈ రెండు దారులూ ఎరిగిన పెద్దాయన వి.వి.గిరి. బరంపురంలో లాయరు కొడుకుగా పుట్టి, డబ్లిన్‌లో లా చదివి, తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టి, దాన్ని వదిలేసి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం కట్టారు. 1937లో మద్రాసు శాసనసభకి బొబ్బిలిలో ఏకంగా బొబ్బిలి రాజానే ఓడించి గెలిచారు, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు, బ్యాంకు ఉద్యోగుల కేసులో వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు. రాష్ట్రపతి అయ్యారని అందరికీ గుర్తు, ఇది ఎవరికీ గుర్తుండదు. మా సీనియర్ గారి గదిలో ఆయన ఫొటో ఉండేది. "ఆయన తెలివైనవాడు, ప్రాక్టీసు ముందే వదిలేశాడు" అని నవ్వేవారు.

అమెరికాలో ఈ రెండూ కలిసి చేయడం మామూలు విషయం. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, వాడి వల్ల కొంత తెలుసుకున్నాను. టెక్సస్‌లో శాసనసభ రెండేళ్లకోసారి 140 రోజులు కూర్చుంటుంది, జీతం నెలకు 600 డాలర్లు. దాంతో ఎవరూ బతకలేరు కాబట్టి మిగతా రోజులు అందరూ తమ పని చేసుకుంటారు, లాయర్లు లాయర్లుగానే ఉంటారు. సభ నడుస్తున్నప్పుడు సభ్యుడైన లాయరు కేసు వాయిదా వేయడానికి చట్టమే ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని, కేసు సాగదీయడానికే సభ్యుణ్ణి లాయరుగా పెట్టుకునేవాళ్లు ఉన్నారని అక్కడ విమర్శ. కార్మికుడి లాయరు అక్కడ వచ్చినదాంట్లో వాటా తీసుకోవచ్చు, టెక్సస్‌లో 25 శాతానికి మించకుండా. మనకి అలా లేదు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం మన బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం తప్పు. తప్పు అని రాసినంత మాత్రాన జరగడం లేదా అంటే, మీరు డీసీఎల్ ఆఫీసు వరండాలో నిలబడితే చాలు, నేను చెప్పక్కర్లేదు.

ఫీజు మాట వచ్చింది కాబట్టి, దాని గురించి కూడా. ఎమ్మెల్యే ఆఫీసులో ఫీజు అడగడం చాలా కష్టం. ఓటేసినవాళ్లు కదా, "మన ఎమ్మెల్యే మనల్ని డబ్బులడుగుతాడా" అంటారు. అడక్కపోతే "ఊరికే చేస్తున్నాడంటే అవతలివాళ్ల దగ్గర తీసుకున్నాడేమో" అంటారు. ఈ రెండూ ఒకే మనిషి నోటి వెంట ఒకే నెలలో విన్నాను. గెలవకముందు ఆరేళ్లు ఆఫీసు అద్దె ఏనాడూ ఆగలేదు. గెలిచాక నాలుగో ఏడు రెండు నెలల అద్దె గుమాస్తా తన చిట్టీ డబ్బులతో కట్టాడు. మనకి రాజకీయ నాయకుడంటే డబ్బు సంపాదించుకున్నవాడనే లెక్క, అందుకని ఇది నమ్మరు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ఫైళ్లు తీసుకోండి. కానీ "చూసుకో" అన్న నోటిమాట మీద తీసుకోవద్దు. ప్రతి ఫైల్లోనూ క్లయింటుకి చెప్పి, మీ పేరున కొత్త వకాలత్ వేయండి. మీ పేరు లేని ఫైల్లో మీరు రేపు ఏమీ అనలేరు. నియోజకవర్గంలోని ఫ్యాక్టరీల మీద ఉన్న కేసుల్లో మీ సీనియర్ గారి వకాలత్ విత్‌డ్రా చేయించండి, ఆయన బాధపడినా సరే. ఎన్నికల చందా ఇచ్చిన యజమాని మీద కేసుంటే అది అసలు ఆ ఆఫీసులోనే ఉండకూడదు, వేరే లాయరుకి ఇచ్చేయండి. లేబర్ యూనియన్ ప్రతినిధి కూడా కమిషనర్ ముందు హాజరు కావచ్చని సెక్షన్ 24 చెబుతుంది, లాయరు దొరకని వాళ్లకి ఆ దారి చూపించండి.

ఇంకొకటి గమనించండి. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి 1923 నాటి పాత చట్టం స్థానం తీసుకుంది. ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు జరిగే ప్రమాదాల్ని కూడా, పనితో సంబంధం ఉంటే, కోడ్ లోపలికి తెచ్చింది. పాత చట్టం కిందే ఇలా చదవాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసులో చెప్పింది కూడా. కాబట్టి "దారిలో పోయాడు, కేసు లేదు" అని పక్కన పడేసిన ఫైళ్లు ఏమైనా ఉంటే బయటికి తీయండి.

అన్నిటికంటే ముందు, ఈ వారమే, ఒక పొడుగు నోట్‌బుక్కు కొనుక్కుని ఇంకా దాఖలు చేయని ఫైళ్లలోని ప్రమాద తేదీలన్నీ వరసగా రాసుకోండి. పాత చట్టం కింద రెండేళ్లు గడువు. తగిన కారణం చూపిస్తే ఆలస్యం మన్నించవచ్చు గాని, "మా లాయరు గారు ఎన్నికల ప్రచారంలో ఉన్నారు" అన్నది తగిన కారణమని ఏ కమిషనరూ ఒప్పుకోగా నేను చూడలేదు. గడువు ఆరు నెలల్లోపు ఉన్నవాటి పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టండి. నామినేషన్ల లోపు అవి ఫైలు చేసేయండి. తర్వాత మీకు సంతకం పెట్టడానికి ఆయన దొరకరు.